సంతాన చికిత్సలో జాప్యం తగదు

2019 సెప్టెంబరు 5న తూర్పుగోదావరి జిల్లాకు చెందిన, ఏడు పదులు దాటిన మహిళ గుంటూరులో కవల ఆడపిల్లలను కన్నది. ఆ వార్త చూసి, సంతానానికి వయసుతో నిమిత్తం లేదని ఏ దంపతులూ భ్రమపడరాదు. ఆమె గర్భంలో పెరిగినది మరొక స్త్రీ దానమిచ్చిన అండంతో రూపొందిన పిండం. ఇట్టి చికిత్సకు 2021 నాటి చట్టం స్త్రీలకు 50 ఏళ్ల గరిష్ఠ పరిమితి విధించింది.

అండం సక్రమంగా విడుదల కాని స్త్రీలకు డాక్టర్లు ఇచ్చే క్లోమిఫెన్, లెట్రోజోల్ బిళ్లలు, హార్మోన్ ఇంజక్షన్లు ఉన్న అండాన్ని ఎదిగిస్తాయే తప్ప కొత్తది పుట్టించలేవు. 35 ఏళ్లు దాటాక అండాలు త్వరత్వరగా తగ్గిపోతాయి. కనుక ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే, 35 దాటినవారైతే ఆరు నెలలకే, డాక్టరును కలుసుకోవాలి.

భర్తకు వీర్యపరీక్ష చేయించకుండా కోడలి చేత నెలల తరబడి బిళ్లలు మింగించడం అన్యాయం. లోపం అతనిలో ఉంటే ఆ కాలమంతా వృథాయే. గొడ్రాలన్న నింద మాత్రం ఆమెకు మిగులుతుంది. పొరుగామెకు రాసిన చీటీతో మందుల షాపులో బిళ్లలు కొనడం మరీ ప్రమాదం. స్కానింగు లేకుండా వాడితే ఒకేసారి పలు అండాలు విడుదల కావచ్చు. ఇంజక్షన్లు వికటిస్తే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు.

పేద దంపతులు కాకినాడ, రాజమహేంద్రవరాల చుట్టూ తిరగనవసరం లేకుండా ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఈ పరీక్షలు ఇద్దరికీ ఉచితంగా జరిపేలా ప్రభుత్వం శ్రద్ధ వహించాలి.