పేడకి పెద్దదిక్కేదీ?

పత్తి తీతలు అయిపోయాయంటే మా దాచేపల్లి చేలల్లో పొగలే పొగలు. కట్టెనంతా కుప్పేసి నిప్పు పెట్టేస్తారు. ఇదే ఊరి చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకు బొగ్గు ఎక్కడెక్కడి నుంచో రావాలి. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

నా చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో గోబర్ గ్యాస్ ఉండేది. పేడ కలపడం అమ్మమ్మ పని, నీలిమంట చూసి మురిసిపోవడం మా పని. కొన్నేళ్లకి ఇనప డ్రమ్ము తుప్పు పట్టి చిల్లు పడింది. బాగుచేసే మనిషి కోసం తాతయ్య తిరిగి తిరిగి విసిగిపోయాడు. అమ్మమ్మ మళ్లీ ఊదుగొట్టం పట్టింది. "మన పొయ్యి గోడు ఎవరిక్కావాలే అమ్మాయ్!" అనేది దగ్గుతూ.

ఆ మాట ఎంత నిజమో పెద్దయ్యాక తెలిసింది. అణుశక్తికి 1954లోనే కేంద్రంలో ఒక శాఖ వచ్చింది. గాలి, ఎండ, పేడలాంటి వాటికి ప్రత్యేక శాఖ రావడానికి 1982 దాకా ఆగాల్సి వచ్చింది. పొగరాని పొయ్యిల జాతీయ కార్యక్రమం 1980లలో మొదలై 2002లో ఆగిపోయింది. పొయ్యిలు పగిలిపోయాయి, ఆడవాళ్లు వాడలేదు అన్నారు. నిజమే కావచ్చు. కల్పాక్కంలో 2004లో మొదలైన బ్రీడర్ రియాక్టరు 2010కల్లా పూర్తవుతుందన్నారు, 2020 దాటినా కాలేదు. దాన్నెవరైనా ఆపేశారా? పెద్దవాళ్ల తప్పుకు గడువు పొడిగింపు, పేదింటి పొయ్యి తప్పుకు ఉద్వాసనా?

చేతకాక కాదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్ అమూల్య రెడ్డి గారు 1974లో 'ఆస్త్ర' అనే విభాగం పెట్టి, పల్లె పొయ్యినీ పేడ గ్యాసునీ ప్రయోగశాలకి తీసుకెళ్లారు. కర్ణాటకలోని పుర అనే ఊళ్లో ఆ గ్యాసుతో ఇంజను నడిపి ఇళ్లకు దీపాలూ, మంచినీళ్లూ ఇచ్చి చూపించారు. అది ఊరూరికీ ఎందుకు రాలేదు? బొగ్గుకీ, చమురుకీ కంపెనీలున్నాయి, ఢిల్లీలో మాట్లాడేవాళ్లున్నారు. పేడ తరఫున మాట్లాడేదెవరు?

నేనూ సిలిండరు మీదే వండుతున్నాను. 1999 దీపం పథకం, 2016 ఉజ్జ్వల ఎందరు ఆడవాళ్లను పొగలోంచి బయట పడేశాయో నాకు తెలుసు. కానీ ఆ గ్యాసులో సగానికి పైగా విదేశాల నుంచి రావలసిందే. ధర పెరిగినప్పుడల్లా కట్టెల కోసం వెళ్లేది మళ్లీ పేదింటి ఇల్లాలే.

గుంటూరు లాం ఫారంలో పత్తి మీదా, మిరప మీదా ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతోంది. ఆ పత్తికట్టె, మిరపకట్టె పొగ లేకుండా మండే పొయ్యి మీద కూడా అంతే ఓపికగా, మధ్యలో వదిలేయకుండా పని చెయ్యమనండి. పరీక్షించి చూడ్డానికి మా వంటిళ్లున్నాయి. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పడానికి మేమున్నాం. అడిగితే కదా!