సంతకానికీ నిర్ణయానికీ మధ్య

రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి రాకముందు దేశంలో చాలాచోట్ల స్థానిక పాలనలోకి స్త్రీల ప్రవేశం మగ సభ్యుల మన్ననను బట్టి జరిగేది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం పంచాయతీ సమితిలోకి ఇద్దరు స్త్రీలను కో-ఆప్ట్ చేసుకోవాలని, అంటే ప్రజల ఓటుతో నిమిత్తం లేకుండా సభ్యులే తమలో చేర్చుకోవాలని సూచించింది. ఊరి ఓటుతో గెలిచి రాని సభ్యురాలి మాట సభలో చెల్లడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. సవరణతో వచ్చిన 243-డి అధికరణం సభ్యుల స్థానాల్లోనూ అధ్యక్ష పదవుల్లోనూ మూడో వంతుకు తగ్గకుండా మహిళలకు కేటాయించాలని శాసించి ఆ స్థితిని మార్చింది. ఆంధ్రప్రదేశ్ 2011లో ఆ వాటాను సగానికి పెంచగా, విభజన తర్వాత తెలంగాణ 2018లో తెచ్చుకున్న పంచాయతీరాజ్ చట్టంలోనూ సగం వాటా నిలిచింది.

ఆ విధంగా తెలుగు రాష్ట్రాల్లో కుర్చీల లెక్క చాలావరకు తేలిపోయినా, ఆ కుర్చీతో రావలసిన అధికారం ఎవరి చేతికి చేరుతున్నదన్న లెక్క ఇంకా తేలలేదు. మహిళ సర్పంచ్‌గా ఎన్నికైతే భర్తో, మామో, కొడుకో ఆమె తరఫున అధికారులతో మాట్లాడడం, పనులు పంచడం, బిల్లులు తేల్చడం జరుగుతున్న తీరుకు దేశమంతటా ‘సర్పంచ్ పతి’ అనే పేరు స్థిరపడింది. ఈ రుగ్మతను పరిశీలించడానికి కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2023లో నియమించిన సలహా సంఘం 2025లో నివేదిక ఇస్తూ, పరోక్ష పెత్తనం రుజువైన సందర్భాల్లో కఠినమైన జరిమానాలు ఉండాలని సిఫారసు చేసింది. జరిమానా అవసరమే కావచ్చు గాని, ఆ పెత్తనానికి దారి ఇచ్చే కార్యాలయ పద్ధతులు అలాగే ఉన్నంతకాలం శిక్ష భయం ఒక్కటే ఆ దారిని మూయలేదు.

మహిళ కుర్చీలో కూర్చుంటే పాలనలో నిజంగా మార్పు వస్తుందా అనే సందేహానికి పరిశోధన ఎప్పుడో సమాధానం చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాల్లో 265 పంచాయతీలను పరిశీలించి రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తర్ డుఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధం. ఏ పంచాయతీ మహిళలకు రిజర్వు కావాలో ఊరి అభీష్టంతో సంబంధం లేకుండా నిర్ణయమవుతుంది గనుక, రిజర్వయిన ఊళ్లకూ కాని ఊళ్లకూ మధ్య కనిపించిన తేడాను నాయకత్వపు తేడాగా చూడవచ్చు. మహిళలు నడిపిన పంచాయతీల్లో రెండు చోట్లా మంచినీటికి ఎక్కువ ఖర్చయింది. రోడ్ల విషయం ఇంకా ఆలోచింపజేసేది: బెంగాల్‌లో స్త్రీలు రోడ్లు కావాలని ఎక్కువగా అడిగారు, అక్కడ మహిళా పంచాయతీ అధ్యక్షులు రోడ్లకు ఎక్కువ కేటాయించారు, రాజస్థాన్‌లో రోడ్ల గోడు ప్రధానంగా పురుషులది, అక్కడ మహిళల హయాంలో రోడ్లకు తగ్గింది. అంటే ఆ నాయకురాళ్లు ‘ఆడవాళ్ల పనులు’ అని ఎవరో గీసిన గిరిలో ఉండిపోకుండా, తమ ఊరి స్త్రీలు నోరు విప్పి అడిగినదాన్ని చేశారు. బెంగాల్‌లోనే 495 గ్రామాల్లో జరిపి 2012లో వెలువరించిన మరో అధ్యయనం, మహిళా నాయకత్వాన్ని రెండు విడతలు చూసిన ఊళ్లలో కౌమార బాలికలకూ బాలురకూ మధ్య చదువులో ఉన్న అంతరం చెరిగిపోయిందని తేల్చింది. సర్పంచ్‌గా ఒక స్త్రీని రోజూ చూడడం ఆడపిల్ల చదువుకు ఎంత మేలు చేస్తుందో ఇంతకన్న స్పష్టంగా చెప్పడం కష్టం.

అయితే ఈ మేలు ఊరికి చేరే మార్గం తీర్మానం. పంచాయతీ సమావేశంలో ప్రతిపాదించి, ఆమోదించి, మినిట్స్ పుస్తకంలో కార్యదర్శి రాసిన నిర్ణయాన్ని తీర్మానం అంటారు. పని మంజూరుకూ బిల్లు చెల్లింపుకూ అదే పునాది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులో 60 శాతాన్ని మంచినీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టింది గనుక, నీటికి డబ్బు పెట్టాలా వద్దా అన్న చర్చ ఊరి స్థాయిలో దాదాపు ముగిసింది. మిగిలిన ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి: కొత్త పైపు ముందు ఏ వీధికి వెయ్యాలి, మెరకన ఉన్న వాడకు నీరెక్కేలా మోటారు ఎన్ని గంటలకు వెయ్యాలి, బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ల కనెక్షన్ ఎప్పుడు ఇవ్వాలి. బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గర నిలబడే మనిషికి ఇవే పెద్ద ప్రశ్నలు. కాని ఆ మనిషి కూలికి పోయిన పొద్దుటి పూట గ్రామసభ పెట్టి, చెట్టు కింద వేసిన కుర్చీలు మగవాళ్లతో నిండాక, వచ్చిన నలుగురు స్త్రీలు దూరంగా అరుగు మీద కూర్చుంటే, మోటారు వేళ గురించి పుస్తకంలో ఒక్క వాక్యం కూడా పడదు.

తీర్మానం తర్వాతి మెట్టు చెల్లింపు. పల్లెల్లో ‘చెక్ పవర్’ అనే మాటకు ఎంత బరువుందో పంచాయతీ ఎరిగిన వారందరికీ తెలుసు. తెలంగాణ 2018 చట్టం దాన్ని సర్పంచ్, ఉప సర్పంచ్‌లకు ఉమ్మడిగా ఇచ్చింది. వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకునే ఉప సర్పంచ్ పదవికి మహిళా కోటా వర్తించదు. అవినీతికి అడ్డుకట్టగా తెచ్చిన ఈ ఏర్పాటు, మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్లో ఆమె నిర్ణయానికి మరొకరి సమ్మతిని షరతు చేసింది. ఆర్థిక సంఘం నిధులకైతే ఆన్‌లైన్ చెల్లింపు, దానికి డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకం బొటనవేలంత పెన్‌డ్రైవ్ వంటి ‘కీ’లో ఉంటుంది, కీ, దాని పాస్‌వర్డ్ ఎవరి జేబులో ఉంటే సంతకం వారిదే. కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికైనా ఒకప్పుడు సర్పంచ్ ముందుకు రావలసి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరమూ లేకపోవడం మహిళలకు జరిగిన నష్టమే. చెల్లింపు వేళ వేలిముద్రతోనో ముఖ గుర్తింపుతోనో సర్పంచ్ స్వయంగా ఉన్నట్టు నిర్ధారించే పద్ధతి తేవడం, పింఛన్ల పంపిణీకే అలాంటి యంత్రాలు వాడుతున్న ప్రభుత్వాలకు కష్టమైన పని కాదు.

ఒంటరిగా నిలబడిన సర్పంచ్‌కు మాత్రం ఏ యంత్రమూ అండ కాలేదు. కలిసి నడిచే స్త్రీలే ఆమెకు అండ కాగలరు, ఆ అండ తెలుగు నేలకు కొత్తది కాదు: 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన కదలిక, మూడో వంతు రిజర్వేషన్ ఆచరణలోకి రాకముందే, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. కర్నూలు ప్రాంతంలో పొదుపు సంఘాలకు పేరుపడ్డ ఓర్వకల్లు మండలంలోని కాల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమా బీకి 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పేదరిక నిర్మూలన పురస్కారం దక్కింది. సంఘమూ పంచాయతీ ఒకే దిశలో నడిస్తే ఏమవుతుందో ఆ ఊరు చూపింది. కాని తర్వాతి కాలంలో డ్వాక్రా సంఘాలు గ్రామైక్య సంఘంగా, మండల సమాఖ్యగా, జిల్లా సమాఖ్యగా పైకి అల్లుకుంటూ పోయాయి గాని పక్కనే ఉన్న పంచాయతీతో గట్టిగా ముడిపడలేదు. లక్షల రూపాయల బ్యాంకు అప్పును పైసా తేడా లేకుండా లెక్కకట్టే సంఘ నాయకురాలు పంచాయతీ బడ్జెట్‌ను ఎన్నడూ చూడకపోవడం తెలుగు రాష్ట్రాల్లో జరిగిన అతి పెద్ద దుబారా. కేరళ మరో దారి పట్టింది. 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమంలో స్థానిక సంస్థలు ప్రణాళికా నిధుల్లో పదో వంతును మహిళా పథకాలకు కేటాయించాలన్న నియమం వచ్చింది. 1998లో ఆరంభమైన కుటుంబశ్రీ సంఘాలను వార్డు, పంచాయతీ స్థాయుల్లో స్థానిక సంస్థలతో జోడించారు. అక్కడి సంఘాలు స్థానిక ఎన్నికలకు అభ్యర్థులను అందించే బడులయ్యాయి.

తొలగించవలసిన అడ్డంకులు చట్టాల్లోనూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్న వారిని పోటీకి అనర్హులను చేసింది. ఎందరిని కనాలో తేల్చే మాట తనది కాని ఇంట్లో స్త్రీ, ఆ మాట పోయినందుకు ఒకసారి, పోటీ హక్కు పోయినందుకు మరోసారి నష్టపోయింది. ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో ఎత్తివేయడం ఆలస్యంగానైనా జరిగిన న్యాయం. ఇంకో అడ్డంకి మిగిలే ఉంది: వంతుల పద్ధతిలో రిజర్వేషన్ మారినప్పుడు, ఐదేళ్లలో ఎస్టిమేట్లూ బిల్లులూ బోధపడిన సర్పంచ్ పదవి వదిలి ఇంటికి చేరుతుంది. జనరల్ స్థానంలో ఆమెను మళ్లీ నిలబెట్టే ధైర్యం ఊరి పెద్దలు తరచూ చూపరు.

గ్రామసభ సంగతికి వస్తే, మహారాష్ట్ర చట్టం ప్రతి గ్రామసభకూ ముందు మహిళల సభ విడిగా జరగాలని చెబుతున్నది. తెలుగు రాష్ట్రాలు ఆ నియమాన్ని సాయంత్రం వేళకు, సంఘాల సమావేశం జరిగే చోటికే తీసుకువెళ్లి, అక్కడ అడిగిన ప్రతి పనినీ అడిగిన స్త్రీ పేరుతో సహా మినిట్స్ పుస్తకంలో రాయించి, మర్నాటి గ్రామసభలో ఆ పుట నుంచే చర్చ మొదలయ్యేలా చేయవచ్చు. మోటారు ఎన్ని గంటలకు వెయ్యాలో ఆ పుటలో మొదటి పంక్తిగా ఉంటుంది.