ఆసుపత్రికే వడదెబ్బ!
పాలమూరు, నల్గొండ ఆరోగ్య కేంద్రాలకు ముందు కావలసింది నీడ, నీరు, నిలకడైన విద్యుత్తు

నల్గొండ/మహబూబ్‌నగర్: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదేళ్లుగా వైద్య రంగానికి కొత్త భవనాల కొదవ లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బీబీనగర్‌కు ఎయిమ్స్ వచ్చింది. చిన్న శస్త్రచికిత్సకు సైతం హైదరాబాదుకో, కర్నూలుకో పరుగెత్తిన ప్రాంతానికి ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే మే నెల ఎండలో ఉపాధి హామీ పని వద్ద కుప్పకూలిన కూలీని ముందుగా చేర్చేది వైద్య కళాశాలకు కాదు, మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడ చాలాచోట్ల కనిపించేది నెత్తిన కాంక్రీటు స్లాబు, పెరట్లో ఒక బోరు, గోడకు ఒకే ఒక్క విద్యుత్ కనెక్షన్. ఎండలు ముదిరిన రోజుల్లో ఈ మూడూ ఒకేసారి మొరాయిస్తాయి. స్లాబు కాగుతుంది, బోరు అడుగంటుతుంది, లోడు పెరిగి కరెంటు పోతుంది. రోగుల తాకిడి పెరిగేదీ సరిగ్గా అప్పుడే. వాతావరణ మార్పులను తట్టుకునే ఆసుపత్రులంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు వెలువరించింది. వాతావరణ మార్పులు, మానవ ఆరోగ్యంపై కేంద్రం 2019 నుంచే జాతీయ కార్యక్రమం నడుపుతోంది. ఈ మెట్ట జిల్లాల్లో ఆ పెద్ద మాటలకు అర్థం ఈ మూడు చిన్న విషయాల్లోనే వెతకాలి.

అరగంటే కీలకం

వడదెబ్బ తీవ్రమైతే శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. ఆ దశలో మాత్రలు, సూదిమందులతో జ్వరం తగ్గదు. అరగంటలోపు ఒంటిని చల్లబరచడమే అసలు చికిత్స. చల్లని నీటిలో ఉంచాలి, లేదా ఒళ్లంతా తడిపి ధారాళంగా గాలి తగలనివ్వాలి. చంకల్లో, మెడ వద్ద మంచు పెట్టాలి. ఈ చికిత్సకు కావలసింది నిపుణుడైన వైద్యుడి కంటే ముందు నీరు, మంచు, ఫ్యాను. మంచు తయారు కావాలన్నా, ఫ్యాను తిరగాలన్నా కరెంటు ఉండాలి. 38 డిగ్రీల వేడి ఉన్న గదిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తే రోగికి దక్కే ఉపశమనం అంతంత మాత్రమే.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మంది వరకు చనిపోయారు. నాటి తెలంగాణ మృతుల జాబితాలో నల్గొండ జిల్లా ముందు వరుసలో నిలిచింది. 2024 మే మొదటి వారంలోనూ ఈ జిల్లాలో 46 డిగ్రీలు దాటిన ఉష్ణోగ్రతలు నమోదయ్యాయి. వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల పరిహారం ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం నిర్ణయించింది. బాధిత కుటుంబాలకు అది ఆసరాయే. కానీ ఒక్క మరణానికి ఇచ్చే ఆ మొత్తంతో పోలిస్తే, ఒక ఆరోగ్య కేంద్రం పైకప్పుకు తెల్లపూత వేయడానికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం.

పైకప్పుల విషయంలో విధానమైతే ఉంది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ప్రకారం ప్రభుత్వ భవనాలన్నిటికీ ఈ పద్ధతి తప్పనిసరి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌వే, మిగతా రాష్ట్రమంతటికీ కలిపి 100. ఎండ తీవ్రత చూస్తే ఈ వాటా తలకిందులుగా ఉందనిపించక మానదు. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత గది లోపలి వేడిని 2 నుంచి 4 డిగ్రీల వరకు తగ్గిస్తుంది. ఇది కొత్త విద్య కూడా కాదు. మట్టి మిద్దెలు, డంగు సున్నం కప్పులు, ఎత్తయిన గోడలు, ముందు వరండా ఉన్న పాత ఇళ్లలో వేసవి గడిపిన తరం ఇంకా మన మధ్యే ఉంది. నాలుగంగుళాల స్లాబు కింద, పడమటి ఎండకు ఎదురుగా కాన్పుల గది కట్టుకున్నది ఆ తర్వాతే.

ఏసీలు పెడితే సరిపోతుందన్న వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీకి దాదాపు ఒకటిన్నర కిలోవాట్ల విద్యుత్తు కావాలి. వట్టివేళ్ల తడికెలతో పనిచేసే పెద్ద కూలర్‌కు 200 వాట్లు చాలు. కోస్తా ఉక్కపోతలో కూలర్ అంతగా పనిచేయదు గానీ, పాలమూరు, దేవరకొండ పొడి గాలిలో చక్కగా చల్లబరుస్తుంది. ఇక్కడి వాతావరణం ఇచ్చిన వెసులుబాటు ఇది. చిక్కల్లా కూలర్ నీరు తాగుతుంది. కాబట్టి చర్చ చివరికి నీటి దగ్గరికే చేరుతుంది.

నీటి లెక్క

నల్గొండకు నీటి కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో తరతరాలుగా ఫ్లోరైడ్ నీరు ఎముకలను వంచింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదమని తెలిసినా గత్యంతరం లేక అదే నీరు తాగారు. కరవు పెరిగి బోరు లోతుకు పోయేకొద్దీ రాతి పొరల్లోని ఫ్లోరైడ్ కలిసే ప్రమాదమూ పెరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి ఒంట్లో అది మరింతగా పేరుకుపోతుంది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు వచ్చాక పరిస్థితి ఎంతో మెరుగుపడింది.

కానీ దూరం నుంచి వచ్చే నీటికి దాని ఇబ్బందులు దానికుంటాయి. 2020 అక్టోబరు 16న కొల్లాపూర్ మండలం ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ నీట మునిగింది. పాలమూరు జిల్లాలకు భగీరథ నీరందించే ఎల్లూరు జలాశయం నిండేది ఆ పంపులతోనే. దాంతో చుట్టూ వానలు దంచికొడుతున్న రోజుల్లోనే తాగునీటిపై ఆందోళన నెలకొంది. ఇళ్లవారు నాలుగు రోజులు ఎలాగో సర్దుకుంటారు. కాన్పుల గదికి ఆ సర్దుబాటు కుదరదు.

ఆరోగ్య కేంద్రం అవసరం నిజానికి ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం బయటి రోగి ఒక్కరికి 5 లీటర్లు, పడకపై ఉన్నవారికి రోజుకు 40 నుంచి 60 లీటర్లు, కాన్పుకు 100 లీటర్లు కావాలి. వంద మంది రోగులు, ఆరు పడకలు, ఒక కాన్పు ఉన్న రోజుకు వెయ్యి లీటర్లు సరిపోతాయి. మహబూబ్‌నగర్‌లో సగటు వర్షపాతం 600 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. 300 చదరపు మీటర్ల పైకప్పుపై పడే వానలో ఐదో వంతు వృథా పోయినా లక్షా 40 వేల లీటర్లకు పైగా పట్టుకోవచ్చు. కప్పు శుభ్రంగా ఉంచి, తొలి జల్లును బయటికి వదిలి, 20 వేల లీటర్ల తొట్టిలో వాన నీటిని దాచుకుంటే, సరఫరా పూర్తిగా ఆగినా 20 రోజులు గండం గడుస్తుంది. పైగా వాన నీటిలో ఫ్లోరైడ్ సమస్య లేదు. ఇంకుడు గుంతలు తవ్వినంత ఉత్సాహం నిల్వ తొట్ల విషయంలో కనిపించకపోవడమే విచిత్రం.

పెద్ద ఆసుపత్రుల లెక్క వేరు. నాలుగు గంటల డయాలసిస్‌కు ఒక్కో రోగికి 120 లీటర్ల శుద్ధజలం కావాలి. దాన్ని శుద్ధి చేసే క్రమంలో మరికొంత నీరు యంత్రం నుంచి బయటికి పోతుంది. ఆ నీరు మరుగుదొడ్లకు, నేల కడగడానికి పనికొస్తుంది. దానికి విడిగా ఒక పైపు, ఒక ట్యాంకు ఉంటే చాలు. ఆ రెండూ భవనం కట్టేటప్పుడు వేసుకోవలసినవి, తర్వాత గోడలు పగులగొట్టి వేసేవి కావు.

టీకాలకు ఉన్న రక్షణ బిడ్డకేదీ?

విద్యుత్తు విషయంలో ఒక పాత అనుభవం గుర్తు చేసుకోవాలి. ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు నిల్వ చేసే ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్‌కు రోజులో 8 గంటలు కరెంటు ఉంటే చాలు. గోడల్లోని మంచు పొర మిగతా సమయమంతా 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనాన్ని కాపాడుతుంది. పల్లెల్లో కరెంటు ఉండదన్న సత్యాన్ని ముందే ఒప్పుకొని ఎంచుకున్న పరికరం కనుకే అది నిలబడింది. అదే గదికి ఆనుకొని ఉన్న కాన్పుల గదిలో పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్‌కు, గొంతులోని ఉమ్మనీరు లాగే యంత్రానికి, ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌కు అలాంటి ముందుచూపు దక్కలేదు. కరెంటు పోతే జనరేటరే దిక్కు. దానికి డీజిల్ ఉండాలి, నడిపే మనిషి ఉండాలి.

పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ ఇంకో దారి పట్టింది. అక్కడ వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలపై సౌర ఫలకాలు, బ్యాటరీలు అమర్చారు. సౌర విద్యుత్తు ఉన్న కేంద్రాల్లో, అది లేని వాటితో పోలిస్తే కాన్పులు దాదాపు రెట్టింపు జరుగుతున్నట్లు 2017లో వెలువడిన అధ్యయనం తేల్చింది. రాత్రిపూట దీపం వెలుగుతుందన్న నమ్మకమే గర్భిణులను అక్కడికి రప్పించిందనుకోవాలి. మన ఎండకు 5 కిలోవాట్ల ఫలకాలు రోజుకు సుమారు 20 యూనిట్లు ఇస్తాయి. దీపాలు, ఫ్యాన్లు, కూలర్లు, కాన్పుల గది పరికరాలు నడవడానికి ఆ విద్యుత్తు ఆసరా అవుతుంది.

అయితే ఇక్కడే నల్గొండ తన సొంత పాఠం మరచిపోకూడదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరీ 1970 దశకంలో రూపొందించింది. అది ‘నల్గొండ టెక్నిక్’ పేరుతోనే ప్రపంచానికి తెలుసు. విదేశాల పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. ఇక్కడి పల్లెల్లో మాత్రం రోజూ పటిక కొలిచి వేసేవారు లేక, అడుగున చేరిన మడ్డి తీసేవారు లేక ఆ ఏర్పాట్లు మూలపడ్డాయి. లోపం విజ్ఞానానిది కాదు, నిర్వహణది. సౌర ఫలకంపై దుమ్ము తుడవడం, ఐదారేళ్లకు బ్యాటరీ మార్చడం ఎవరి పద్దులో ఉందో తేల్చకుండా ప్రారంభోత్సవాలు చేస్తే ఫలితం అదే అవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఏర్పాటు చేసిన సంస్థకే నిర్వహణ బాధ్యతా అప్పగించిన సంగతిని ఇక్కడివారు ప్రత్యేకంగా గమనించాలి.

పెద్దాసుపత్రి మునిగినప్పుడు

ఎండకే కాదు, వరదకూ ఈ ప్రాంతం కొత్త కాదు. 2009 అక్టోబరు 2న కృష్ణా, తుంగభద్ర ఒక్కసారిగా పోటెత్తి అలంపూర్, రాజోలిని ముంచేశాయి. అలంపూర్ ప్రాంత ప్రజలు పెద్ద వైద్యానికి వెళ్లే కర్నూలు నగరమే ఆ రోజు నీటిలో ఉంది. 2020 జులై 15న హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి వాన నీరు చేరింది. కొద్ది రోజులకే ఆ భవనాన్ని మూసివేశారు. 1908 మూసీ వరదను చూసిన నదీ తీరమే అది. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. 2024 సెప్టెంబరు 1న కోదాడ జలమయమై, విజయవాడ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. రోగిని పెద్దాసుపత్రికి పంపిస్తే సరి అనుకునే వ్యవస్థకు ఈ మూడు ఘటనలూ ఒకే ప్రశ్న వేశాయి. పంపడానికి దారి, చేర్చుకోవడానికి ఆసుపత్రి లేని ఆ రెండు రోజులు మండల కేంద్రంలో ఏముంది?

కొత్త పల్లె దవాఖానాలకు స్థలం ఎంపికలోనూ ఈ జాగ్రత్త అవసరం. ఊళ్లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలమంటే అనేకచోట్ల చెరువు శిఖమో, వాగు పక్క పల్లమో అవుతుంది. ఉచితంగా దొరికిందని అక్కడ పునాది తీస్తే, మొదటి పెద్ద వానకే మందుల గదిలోకి నీరొస్తుంది. నల్లమలలోని చెంచు పెంటలది మరో ఇబ్బంది. వాగులు పొంగితే మనుషులే చేరలేరు. వర్షాకాలానికి ముందే అక్కడికి మందుల నిల్వలు చేరాలి, నెలలు నిండిన గర్భిణులను ముందే దగ్గరి ఆసుపత్రికి తరలించాలి.

ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఆరోగ్య రంగం వాటా 4 నుంచి 5 శాతమని అంచనా. అందులో పాలమూరు ఆరోగ్య కేంద్రం భాగం లెక్కలోకి రానంత చిన్నది. ఆసుపత్రి వ్యర్థాలు మాత్రం ఇక్కడి సమస్యే. 2016 నిబంధనల ప్రకారం శుద్ధి చేయని జీవవైద్య వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. మే నెల ఎండలో ఆ గడువే ఎక్కువ. సేకరణ వాహనం రాని రోజుల్లో వాటిని పెరట్లో తగలబెడితే ఆ పొగ మళ్లీ వార్డులోకే వస్తుంది.

ఇక నిధులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి జాతీయ ఆరోగ్య మిషన్ కింద నిర్వహణ, అత్యవసరాలు, అభివృద్ధి సంఘం పద్దులన్నీ కలిపి ఏడాదికి రూ.1.75 లక్షల వరకు కేటాయిస్తారు. కిటికీ అద్దం నుంచి బల్బు వరకు అన్నీ అందులోనే. పైకప్పు పూత, నీటి తొట్టి, బ్యాటరీ మార్పిడి ఆ మొత్తంలో ఇమిడేవి కావు. వీటికి జిల్లా ఖనిజ నిధి ట్రస్టు సొమ్మును, ఎమ్మెల్యే, ఎంపీ నియోజకవర్గ నిధులను మళ్లించే అధికారం కలెక్టర్లు, ప్రజాప్రతినిధుల చేతుల్లోనే ఉంది. ఏటా వేసవి ముందు జరిగే సమీక్షల్లో ఓఆర్ఎస్ పొట్లాల లెక్క తప్పకుండా అడుగుతారు. దాని పక్కనే మరో మూడు గడులు చేర్చితే చాలు. పూత పని ఫిబ్రవరిలోగా, తొట్టి పని తొలకరిలోగా, బ్యాటరీల తనిఖీ ఈ రెండింటికీ మధ్యలో ముగియాలి.