గ్రాఫిక్స్ కార్డు – ఔచిత్య విచారము

సీతమ్మధారలో నాబోటి విశ్రాంత ఉపాధ్యాయులకు సంగణకాలు అమ్మేవారు తరచు చెప్పే మాట ఒకటున్నది: “తెలుగు చక్కగా కనబడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించాలి మాస్టారూ.” ఈ మాట సత్యం కాదు. ‘స్త్రీ’ అన్న అక్షరంలో సకార తకార రేఫలను ఒద్దికగా కూర్చేవి ఖతిలోని నియమాలు, వాటిని అమలుపరచే సాఫ్టువేరు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో వత్తులు విడిపోయి కనబడితే మనం సెట్టింగులలో సంక్లిష్ట లిపుల గడిని ఎంచుకొన్నామే గాని, ఎవరమూ కార్డు కొనలేదు. మిత్రులకు గుర్తుండే ఉంటుంది.

పదకొండవ శతాబ్దిలో కాశ్మీరకుడైన క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. యంత్రానికీ అంతే. వ్రాతకు, చదువుకు, సినిమా చూడడానికి ప్రాసెసరులోనే ఇమిడియున్న గ్రాఫిక్స్ చాలును. త్రిమితీయ క్రీడలు, యానిమేషను, వీడియో కూర్పు, ఇంటిలోనే కృత్రిమ మేధ నమూనాలను నడపడం – వీటికే ప్రత్యేకమైన కార్డు కావాలి.

మార్చవలసిన తరుణం తెలుసుకొనడానికి పరీక్ష సులభమే. మందగించిన పని నడుస్తుండగానే టాస్క్ మేనేజరు తెరవండి. గ్రాఫిక్స్ అంకె నూటికి చేరువగా నిలిచి, ప్రాసెసరు తీరికగా ఉంటే లోపం కార్డుదే. ప్రాసెసరు రొప్పుతూ కార్డు కునుకుతుంటే, కొత్త కార్డు ఎడ్లబండికి రైలు చక్రాల వంటిది. ఆటలో రిజల్యూషను తగ్గించినా వేగం పెరగకపోతే, కార్డు అడ్డు కాదని గ్రహించాలి.

కొనే ముందు మూత విప్పి దుమ్ము దులిపించండి. మన సముద్రపు చెమ్మగాలికి దుమ్ము పంకాలకు అట్టకట్టుకుపోతుంది. వేడెక్కిన కార్డు తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది. అప్పటికీ లాభం లేకుంటే, పవరు సప్లై శక్తి ఎంతో చూడండి. మదర్‌బోర్డు గాడి ఇవ్వగలిగినది 75 వాట్లే. అంతకు మించి కోరే కార్డుకు వేరే తీగ కావాలి. కార్డు ధరకు ఈ ఖర్చు కూడ కలుపుకొని లెక్క వేయాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. పాత యంత్రం పదకొండును స్వీకరించకపోవడానికి సాధారణంగా కారణం ప్రాసెసరో, టీపీఎం 2.0 లేకపోవడమో. గ్రాఫిక్స్ కార్డు ఆ కొరతను తీర్చదు. ఆ పేరుతో ఎవరైనా కార్డు అంటగడితే పెన్షను డబ్బు వృథా.

అట్లని లోభమూ కూడదు. 2021లో క్రిప్టో తవ్వకాల మూలాన ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఆగినవారు వివేకులు. కాని “వచ్చే ఏడు ఇంకా మంచిది వస్తుంద”ని ఏటేటా ఆగేవారికి ఆ ఏడు ఎన్నటికీ రాదు. ఇంట్లో పిల్లవాడు యానిమేషను శ్రద్ధగా నేర్చుకొంటున్నాడు, ఒక్కొక్క దృశ్యానికి రాత్రంతా కాచుకొంటున్నాడు, పరీక్షలో లోపం కార్డుదేనని తేలింది – అప్పుడు తాత్సారం చేయడమే అనౌచిత్యం. పంచాంగం చూడకుండా కొనిపెట్టండి.