పిల్లల చదువుకు పొలం అమ్మాలా?

జూన్ వస్తోందంటే మన క్యాంపుల్లో ఒకటే దిగులు: ఊళ్లో పిల్లల కాలేజీ ఫీజు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెస్తే ఏడాదికి వడ్డీయే 1,44,000 రూపాయలు!

సోదరులారా, నోటు రాసే ముందు ఇంట్లోవాళ్లను ఒక్కసారి బ్యాంకుకు పంపండి. విద్యారుణం 4 లక్షల దాకా అయితే పొలం కాగితాలు తాకట్టు పెట్టనక్కర్లేదు. విద్యార్థితో పాటు తల్లో తండ్రో సంతకం చేయాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-విద్యాలక్ష్మిలోనైతే, జాబితాలోని కాలేజీలో సీటొస్తే తాకట్టూ, హామీదారూ అక్కర్లేదు.

మామూలుగా చదువు పూర్తయిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే లెక్క. నెలనెలా పంపే డబ్బులోంచి ఆ వడ్డీ కట్టిస్తే తర్వాత భారం తగ్గుతుంది.

మేము ఆఫీసుల్లో కాగితాలు రాసేవాళ్లమే. దరఖాస్తు అర్థం కాకుంటే సెలవు రోజున రండి, కలిసి నింపుదాం. పొలం పోతే మళ్లీ రాదు.