పార్టుల లిస్టు దగ్గర అమ్మ కూడా కూర్చోవాలి

మన గ్రూపుల్లో ఈ మధ్య ఒక ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. "మావాడు గేమింగ్ కంప్యూటర్ పార్టులు విడివిడిగా కొనుక్కుని తనే బిగించుకుంటానంటున్నాడు, ఏం చెయ్యమంటారు?" అని. కింద వచ్చే జవాబులు రెండు రకాలు. ఒకటి, "వద్దనెయ్యండి వదినా, చదువు పాడవుతుంది." రెండోది, "మనకేం తెలుస్తుంది అక్కా, డబ్బులిచ్చేసి వాళ్ల నాన్నకి వదిలెయ్యండి."

నాకు ఈ రెండూ నచ్చలేదు. ఇక్కడ యూకేలో ఒక మాదిరి కంప్యూటర్‌కి 800, 900 పౌండ్లు పెట్టాలంటే అది ఎన్ని నైట్ డ్యూటీలో నాలాంటి నర్సులకి వేరే చెప్పక్కర్లేదు. అంత డబ్బు ఇచ్చేటప్పుడు ఆ లిస్టు పక్కన అమ్మ కూడా కూర్చోవాలని నా అభిప్రాయం. పార్టులు ఎంచుకునేది పిల్లలే. ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగేది మాత్రం మనం.

"మనకేం తెలుసు" అనే మాట ముందు పక్కన పెడదాం. ఉన్నవి ఎనిమిది వస్తువులు. ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే కూలర్, అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు, ర్యామ్, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ, బొమ్మని తెర మీదకి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు, కరెంటు పంచే పవర్ సప్లై, ఇవన్నీ పట్టే డబ్బా. నెలసరుకుల చీటీ ఇంతకంటే పొడుగు. పిండి కొద్దీ రొట్టె అని మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

మొదటి ప్రశ్న "ఏ పార్టు మంచిది" అని కాదు, "ఏ గేమ్ ఆడతావు, ఏ తెర మీద?" అని. మైన్‌క్రాఫ్ట్, వాలొరాంట్ లాంటివి ఆడేవాళ్లకి పెద్ద మిషన్ అక్కర్లేదు. సైబర్‌పంక్ 2077 లాంటివైతే సంగతి వేరు. తెర కూడా అంతే. మామూలు 1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీకి వెళ్తే 36.9 లక్షలు, 4కేకి వెళ్తే 83 లక్షలు. ఆ చుక్కలన్నిటినీ సెకనుకి అరవై సార్లో, అంతకంటే ఎక్కువో గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. కాబట్టి మొదటి కంప్యూటర్‌కి 1080పీ చాలు అని నేనంటాను. ఈ ఒక్క నిర్ణయంతో సగం ఖర్చు అదుపులోకి వస్తుంది.

ఇక డబ్బు ఎక్కడ పడాలి? తెర ఖర్చు తీసేశాక మిగిలిన దాంట్లో మూడో వంతు నుంచి 40 శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకి పోవాలి. గేమ్‌లో తేడా కనిపించేది అక్కడే. ప్రాసెసర్ ఆరు కోర్లది చాలు. ఏఎండీ రైజెన్ 5 5600 అలాంటిదే, పైగా డబ్బాలో కూలర్ కూడా వస్తుంది. పిల్లలు ఎక్కడ జారతారంటే అద్దాల డబ్బా, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు, పేరు పెద్దదైన ప్రాసెసర్ దగ్గర. పెళ్లికి పందిరి ముఖ్యమే గానీ, పందిరికే డబ్బంతా పోస్తే భోజనాలెక్కడివి?

గ్రాఫిక్స్ కార్డుకి దాని సొంత మెమరీ ఎంతో కూడా అడగండి. ఆర్‌టీఎక్స్ 4060లో 8 జీబీ, ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అయితే అదే పేరుతో 8 జీబీదీ ఉంది, 16 జీబీదీ ఉంది. పేరు చూసి చౌకగా ఉందని కొనేస్తే చిన్నది ఇంటికొస్తుంది. కందిపప్పు ప్యాకెట్ మీద బరువు చూసుకుని కొనే మనకి ఇది కొత్త విద్యేం కాదు.

అసలు ప్రమాదం "ఇంకో 40 పౌండ్లే అమ్మా" అనే మాటలో ఉంది. ఆ నలభైకి పై మెట్టు కార్డు వస్తుంది, దానికి తగ్గ ప్రాసెసర్ కావాలి, దానికి తగ్గ బోర్డు కావాలి. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. అందుకే లెక్క ముందే గట్టిగా గీసెయ్యాలి. అందులో తెర, కీబోర్డు, మౌస్, విండోస్ లైసెన్స్ కూడా ఉండాలి. మా ఇంట్లో పెట్టిన రూలు ఒకటే: ఒకచోట పది పౌండ్లు పెరిగితే ఇంకోచోట పది తగ్గించి చూపించాలి.

తగ్గించకూడని చోటు మాత్రం ఒకటుంది. అది పవర్ సప్లై. మన ఊళ్లలో కొత్త ఫ్రిజ్‌తో పాటు స్టెబిలైజర్ కూడా కొనేవాళ్లం, ఎందుకో మనకి తెలుసు. ఇదీ అంతే. నాసిరకంది పాడైతే మిగతావాటిని కూడా పాడుచేసే అవకాశం ఉంది. మధ్యరకం కార్డుకి 550 నుంచి 650 వాట్లది సరిపోతుంది. పైన ఉండే 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెబుతుంది, అది ఒక్కటే చూసి నాణ్యత నమ్మకండి. పేరున్న కంపెనీ, కనీసం ఐదేళ్ల వారంటీ చూడండి. సెకండ్ హ్యాండ్‌ది వద్దు. దాని మూత ఎవరూ విప్పకూడదు, ప్లగ్ తీసేశాక కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

తర్వాత జోడీ కుదరాలి. ఏఎండీలో ఏఎం4 బోర్డుకి డీడీఆర్4 ర్యామే పడుతుంది, 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే. తారుమారు చేస్తే గాడిలో కూర్చోదు. ర్యామ్ 16 జీబీ అనుకుంటే ఒకటే పెద్ద కడ్డీ కంటే 8 జీబీవి రెండు మేలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతున్నాయి. కాబట్టి పాత డీడీఆర్4 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తప్పేం లేదు. పాత గ్రాఫిక్స్ కార్డు కూడా కొనొచ్చు, అయితే ఎదురుగా నడిపించి చూశాకే డబ్బివ్వాలి. కొత్తవి ఆన్‌లైన్‌లో షాపుల నుంచి కొంటే ఇక్కడి చట్టం ప్రకారం అందిన దగ్గర్నుంచి 14 రోజుల్లోపు వద్దని చెప్పొచ్చు. మనుషుల దగ్గర చేతిమారుగా కొంటే ఆ హక్కు ఉండదు. అందుకే సేల్ పేరుతో నెలకొకటి కొని అల్మారాలో దాచడం కంటే, అన్నీ ఒకే వారంలో తెప్పించి బిగించి చూసుకోవడం మంచిది.

"ఇంత తలనొప్పి ఎందుకు, ప్లేస్టేషన్ కొనిస్తే పోలా?" అనే అక్కలకి ఒక మాట. చేతిలో 400, 500 పౌండ్లే ఉంటే, కావలసింది ఆటలే అయితే, మీరన్నదే రైటు. కాకపోతే దాంట్లో కొనుక్కున్న గేమ్‌లు స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఏటా చందా కట్టాలి. కంప్యూటర్ అయితే హోంవర్క్‌కీ పనికొస్తుంది, రేపు ఒక్క పార్టు మార్చుకుంటే ఇంకో మూడేళ్లు నడుస్తుంది.

చదువు సంగతంటారా, ఎంతసేపు ఆడాలన్నది ఇంటి రూలు. డబ్బా ఎవరు బిగించినా ఆ రూలు పెట్టాల్సిందే. కానీ ఉన్న డబ్బులో ఏది కావాలి, ఏది వదులుకోవాలి అని పదిహేను, పదహారేళ్ల పిల్లలు కాగితం మీద లెక్క వేసుకోవడం నాకు చిన్న చదువుగా అనిపించలేదు.

ఇంకొకటి. గ్రూపులో అడిగేవాళ్లంతా "మావాడు" అనే అంటున్నారు. మా ఇంట్లో అడిగింది అమ్మాయి. స్క్రూడ్రైవర్ పట్టుకుంది తనే, తెర కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలని నాకు చెప్పింది కూడా తనే. మీ ఇంట్లో ఆడపిల్ల అడగలేదంటే ఇష్టం లేక కాకపోవచ్చు, ఎవరూ తనని అడగకపోయి ఉండొచ్చు. ఈ శనివారం ఒకసారి అడిగి చూడండి.