ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఏది వేసుకోవాలి?

ఇంటి కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో తెలుగునాట చాలా ఇళ్లలో తేల్చేది ఇంటివాళ్లు కాదు, సిస్టమ్ అమర్చిన దుకాణం కుర్రాడు. విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, ఒక యాంటీవైరస్ అన్నీ తన పెన్‌డ్రైవ్‌లోంచే వేసి ఇస్తాడు. బిల్లులో వాటి ఊసుండదు. ఉచితంగా వచ్చాయని ఇంటివాళ్లు అనుకుంటారు గానీ అవి చాలావరకు దొంగ కాపీలు. వాటి తాళం విరగ్గొట్టే ‘క్రాక్’ ఫైలు నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపాలి. కాపలా కుక్కను కట్టేసి ముక్కూమొహం తెలియనివాణ్ని లోపలికి పిలవడం లాంటిదది. ఎవరి తాళమూ పగలగొట్టకుండా వాడుకోదగ్గవి ఎన్నో ఉన్నా వాటిని వెతికే పని పడదు, ఎందుకంటే దొంగ సరుకు ముందే ఇంట్లో కూర్చుని ఉంటుంది.

‘ఉచితం’ అన్న మాట కింద మూడు రకాల సరుకు కలిసిపోయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి నాందిగా రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన నాటి నుంచీ ఇంగ్లిష్‌వాళ్లకు ‘ఫ్రీ’ అనే మాటతో తంటాలే. ధర లేకపోవడమా, స్వేచ్ఛ ఉండటమా అని ప్రతిసారీ విడమరిచి చెప్పుకోవాలి. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు, రెంటికీ వేరు మాటలున్నాయి. హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ పేరే ‘స్వేచ్ఛ’. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, బయటే ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచిపెట్టవచ్చు. ఉత్త ఉచిత సాఫ్ట్‌వేర్ పైసా అడగదు గానీ లోపల ఏముందో చూపించదు. మూడోది గడువు సరుకు: కొన్నాళ్లు వాడనిచ్చి, ఆ తర్వాత చెయ్యి చాపుతుంది.

డబ్బు తీసుకోనివాడికి పూట ఎలా గడుస్తోందన్నది ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ విషయంలోనైనా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న. వీఎల్‌సీ ప్లేయర్ 1996లో పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థుల పనిగా మొదలైంది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది, విరాళాల మీద నడుస్తోంది. అవాస్ట్ దారి వేరు. దాని ఉచిత యాంటీవైరస్ కోట్ల కంప్యూటర్లలో ఉండేది. వాడుకదారులు ఏ సైట్లు చూస్తున్నారన్న సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మినట్టు బయటపడటంతో 2020లో ఆ సంస్థను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్ చేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. విచిత్రమేమిటంటే విండోస్ 8 నుంచీ మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే కంప్యూటర్‌తో వస్తోంది. మామూలు ఇంటికి అది చాలు.

సోర్స్ కోడ్ బయట ఉండటం వల్ల వాడేవాడికి ఏం ఒరుగుతుందని అడగవచ్చు. కోడ్ చదివేవాళ్లు ఏ వీధికి ఒకరో. కానీ యజమాని మారినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. 2010లో సన్ సంస్థతో పాటు ఉత్తరాలు, లెక్కల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఆఫీస్ కూడా ఒరాకిల్ చేతికి వెళ్లింది. దాని మీద పనిచేస్తున్నవాళ్లు చాలామంది కోడ్ తీసుకుని బయటికొచ్చి, లిబ్రెఆఫీస్ పేరుతో వేరు కాపురం పెట్టారు. వాడేవాళ్ల ఫైళ్లకేమీ కాలేదు. అదే మూసి ఉంచిన సాఫ్ట్‌వేర్ అయితే, 2016లో గూగుల్ తన ఫొటోల సాఫ్ట్‌వేర్ పికాసాకు స్వస్తి చెప్పినప్పుడు జరిగినట్టు, వాడేవాళ్లు మరో దారి వెతుక్కోవలసిందే.

ఏది వేసుకోవాలన్నదాని కన్నా ఎక్కడి నుంచి దించుకోవాలన్నదే పెద్ద చిక్కు. పేరు కొట్టి వెతికితే పైన కనిపించేవి తరచుగా ప్రకటనలు. ఒక్కో పేజీలో నాలుగు ‘డౌన్‌లోడ్’ బొత్తాలుంటాయి, అసలుది అన్నిటికన్నా చిన్నగా ఉంటుంది. పేరున్న గోదాములనూ గుడ్డిగా నమ్మలేం. 2015లో సోర్స్‌ఫోర్జ్ సైట్ ఫొటోలు దిద్దే జింప్ విండోస్ వెర్షన్ ఖాతాను తన చేతిలోకి తీసుకుని, ఇన్‌స్టాలర్‌కు ఇతర కంపెనీల ప్రకటన సరుకు తగిలించి పెట్టింది. తర్వాతి ఏడాది యజమానులు మారి ఆ పద్ధతి మానేశారు. అందుకే తయారీదారు సొంత సైట్‌కే వెళ్లాలంటారు. అదీ నూటికి నూరుపాళ్లు రక్ష కాదు: 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దొంగలు చొరబడితే, ఆ విషం అధికారిక సైట్ నుంచే సుమారు 22 లక్షల కంప్యూటర్లకు చేరింది. కంప్యూటర్‌ను ‘శుభ్రం’ చేస్తామనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. చాలా ఇళ్లకు అక్కర్లేదు. తక్కువ వేసుకుంటే తక్కువ భయం.

ఇక పనుల వారీగా చూస్తే, సినిమాకు వీఎల్‌సీ, జిప్ ఫైళ్లకు 7-జిప్ మారుమాట లేకుండా సరిపోతాయి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రెఆఫీస్ చాలు. కాకపోతే ఆఫీసు నుంచి వచ్చిన ఎక్సెల్ ఫైలులో మాక్రోలుంటే అది తడబడుతుంది. ఫొటోలు దిద్దడానికి జింప్ బాగుంటుంది గానీ, ఫ్లెక్సీ కోసం ముద్రణ రంగుల్లో ఫైలు ఇమ్మంటే దానితో కాస్త ఇబ్బందే. ఆ పని క్రిటా అనే మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మేలుగా చేస్తుంది.

తెలుగు రాసే ఇంటికి వీటన్నిటికన్నా ముఖ్యమైనది లిపి. డీటీపీ సెంటర్‌లో ఇరవయ్యేళ్ల కిందట కొట్టించిన పద్యాల సంపుటిని నేడు ఇంట్లో తెరిస్తే తెరమీద ఇంగ్లిష్ అక్షరాలు, కొమ్ములు, చుక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. ఆనాటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లోనే తెలుగు అక్షరాలను కూర్చాయి. ఆ ఫాంట్ లేని చోట పాత గదులే బయటపడతాయి. యూనికోడ్ 1991లోనే తెలుగుకు విడిగా గదులు కేటాయించింది. యూనికోడ్‌లో రాసినది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. అందంగా లేదన్న సాకూ ఇప్పుడు చెల్లదు. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు ముందు దారి వేశాయి. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి, సూరన్న వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. అచ్చు పుస్తకం పేజీని ఫొటో తీసి అక్షరాలుగా మార్చుకోవాలంటే టెసరాక్ట్ ఉంది. హెచ్‌పీ ప్రయోగశాలలో పుట్టి 2005లో బయటికొచ్చిన ఈ ప్రోగ్రాంకు తెలుగూ వచ్చు. ఒత్తుల దగ్గర తప్పులు చేస్తుంది కాబట్టి ప్రూఫు దిద్దక తప్పదు.

ఇక విండోస్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. భద్రత కోసం వాడే టీపీఎం 2.0 చిప్ లేని పాత కంప్యూటర్లను విండోస్ 11 ఒప్పుకోదు. అలాంటివాటికి విండోస్‌కు బదులుగా వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ తగినది. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. విండోస్ మీదే నడిచే ట్యాలీలో లెక్కలు రాసుకునే ఇంట్లో మాత్రం విండోస్‌ను వదలడం కుదరదు. మార్చే ముందు చూసుకోవడానికి వీలుంది. మింట్‌ను దాని సైట్ నుంచి దించుకుని, రూఫస్ అనే ఉచిత పరికరంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అందులోంచే కంప్యూటర్‌ను నడపవచ్చు. ప్రింటర్ పలుకుతోందా, వైఫై అందుతోందా, తెలుగు కీబోర్డు కుదురుతోందా అన్నది గంటలో తేలిపోతుంది. కుదరకపోతే పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.